వన్స్‌మోర్ ఎవరికి?

మన నాటకరంగ చరిత్రల్లో ఒక మాట అలవాటుగా వచ్చేస్తుంది. ఆ రోజుల్లో స్త్రీలు నాటకాల్లోకి వచ్చేవారు కాదు కాబట్టి పురుషులే స్త్రీ పాత్రలు వేసేవారు అని. చదివే మనం కూడా అంతే అలవాటుగా దాన్ని దాటేస్తాం. కానీ ఆ రోజుల్లోనే గోదావరి జిల్లాల్లో గుళ్లలో, జమీందారుల కచేరీల్లో, పెళ్లి పందిళ్లలో జనం ముందు నిలబడి పాడుతూ, అభినయిస్తూ, ఆ పాట మీదే ఇల్లు నడుపుకుంటున్న ఆడవాళ్లు ఉన్నారు. ఒకరూ ఇద్దరూ కాదు, కుటుంబాలకి కుటుంబాలు. క్షేత్రయ్య పదాలు, జావళీలు, భామాకలాపం, గొల్లకలాపం వాళ్లకి కంఠతా వచ్చు. మరి ఆ వాక్యంలో ‘స్త్రీలు’ అంటే ఎవరు? రానివాళ్లెవరు, వచ్చినా స్త్రీల లెక్కలో పడనివాళ్లెవరు?

ఈ ప్రశ్నతోనే నేను పద్యనాటక సంగీతం వైపు వెళ్లాను. నా పీహెచ్‌డీ సాహిత్యంలో. సాహిత్య శాఖల్లో నాటకం అంటే అచ్చయిన పుస్తకం. అందులో పాత్రపోషణ ఎలా ఉంది, రసం ఏది, సందేశం ఏది అని రాస్తాం. ఏ పద్యానికి జనం లేచి నిలబడ్డారు, ఎవరు ఏ రాగంలో ఎంతసేపు తీస్తే రెండోసారి పాడించుకున్నారు అన్నది మా పనికి బయట. సంగీత శాఖల వాళ్లకేమో నాటకాల పాట శుద్ధ సంగీతం కాదు. ఇలా రెండిళ్ల మధ్యా అనాథగా మిగిలిపోయిన సంగీతం ఇది. అయినా తెలుగు పల్లెల్లో, పేటల్లో డెబ్బై ఎనభై ఏళ్లపాటు జనం డబ్బిచ్చి విన్న పాట ఏది అంటే ఇదే.

దీన్ని నాటకంగా కాక ఒక ప్రాంతపు జనరంజక సంగీతంగా చూడాలని నాకు తట్టింది లివర్‌పూల్ గురించి చదువుతున్నప్పుడు. 1950ల చివర నుంచి 1960ల నడుమ దాకా ఆ ఓడరేవు పట్నంలో వందలకొద్దీ కుర్రాళ్ల బృందాలు పుట్టాయి. చౌక వాయిద్యాలు, బయటి దేశం నుంచి వచ్చిన రికార్డులు, ఊళ్లోనే పాడుకోవడానికి నేలమాళిగలు, క్లబ్బులు. కేవర్న్ క్లబ్బు 1957లో మొదలైంది. 1961లో అక్కడి సంగీతం కోసమే ‘మెర్సీ బీట్’ అనే పత్రిక వచ్చింది. పరిశ్రమంతా లండన్‌లో ఉన్న దేశంలో ఒక మూల ఊరు తన యాసతో, తన గొంతుతో పాడి వినిపించింది. బీటిల్స్ పేరు అందరికీ తెలుసు. అదే ఊరి నుంచి 1963లో లివర్‌బర్డ్స్ అని నలుగురు ఆడపిల్లల బృందం కూడా వచ్చింది. వెలరీ గెల్, మేరీ మెక్‌గ్లోరీ, సిల్వియా సాండర్స్, పమేలా బర్చ్. ఆడపిల్లలు గిటార్లు పట్టుకుంటే సాగదని జాన్ లెనన్ తమతో అన్నట్టు వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. వాళ్లు జర్మనీ వెళ్లి హాంబర్గ్‌లో పేరు తెచ్చుకున్నారు. సొంత ఊరి చరిత్రలో మాత్రం వాళ్లది చాలాకాలం ఒక వింత విశేషం స్థాయే. కేవర్న్ క్లబ్బులో కోట్లు, టోపీలు భద్రపరిచే పనిచేసిన సిల్లా బ్లాక్ పెద్ద గాయని అయింది, కానీ ఆమె కథని కూడా బీటిల్స్ కథలో ఒక ఉపకథగానే చెబుతారు. ఇదంతా చదివాక కాకినాడ, రాజమండ్రి, మా తుని వేరేగా కనిపించడం మొదలుపెట్టాయి.

ఏ సంగీతమైనా ఒకచోట ఎందుకు పుడుతుంది? గోదావరి జిల్లాల్లో ముందు నీళ్లొచ్చాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండి, చేతిలో డబ్బు ఆడే రైతులు తయారయ్యారు. కోతలయ్యాక ఖాళీ రోజులు, ఖర్చుపెట్టడానికి డబ్బు, ఊరి పేరు చెప్పుకోవాలనే పోటీ. తర్వాత రైలొచ్చింది. 1890లలో తూర్పు కోస్తా వెంట పట్టాలు పడ్డాయి. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన తెరిచాక మద్రాసూ కలకత్తా ఒకే దారిలోకి వచ్చాయి. తుని ఆ దారి మీద ఊరు. డెల్టా కాలవలు మా దాకా రావు. తాండవ నది ఒడ్డున మెట్ట నేల, మామిడితోటలు, తమలపాకుల వ్యాపారం, నది దాటితే పాయకరావుపేట. మాది సంగీతం పుట్టిన ఊరు కాదు, సంగీతం దిగిన ఊరు. రైల్లో తెరలు, పెట్టెలు, హార్మనీ, కిరీటాలు దించుకుని నాలుగు రోజులు ఆడి మళ్లీ ఎక్కే ఊరు. అటు అన్నవరం సత్యనారాయణస్వామి కల్యాణం, ఇటు ఆషాఢంలో లోవ తలుపులమ్మ తల్లి జాతర, పెద్దాపురంలో మరిడమ్మ జాతర. పద్యం పాడేవాడికి ఏడాదిలో చాలా రాత్రులు పని దొరికే దారి ఇది.

ఇక మొదటి తెర లేచింది రాజమండ్రిలో. ధార్వాడ నాటక సమాజం ప్రదర్శనలు చూశాక 1880లో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకాలు వేయించాడు. తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శన అక్కడ మొదలైందని చెప్పుకుంటాం. పదేళ్లు తిరిగేసరికి అదే ఊళ్లో చిలకమర్తి లక్ష్మీనరసింహం ఇమ్మానేని హనుమంతరావు నాయుడి బృందం కోసం నాటకాలు రాస్తున్నాడు. ఆయన ‘గయోపాఖ్యానం’ లక్ష ప్రతులు దాటి అమ్ముడైంది. యువకుడు టంగుటూరి ప్రకాశం ఆ బృందంతో వేషాలు కట్టాడు. అదే రాజమండ్రి నుంచి, అదే కందుకూరి మరో పని కూడా చేశాడు. ‘వివేకవర్ధని’ పేజీల్లో, ప్రహసనాల్లో వేశ్యల పాటకచేరీల మీద, మేజువాణీల మీద యుద్ధం చేశాడు. కొద్దికాలానికి కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆ ఉద్యమాన్ని ఇంకా పట్టుదలగా నడిపాడు. మేజువాణీ ఉన్నచోటికి పెద్దమనుషులు వెళ్లకూడదన్నది ఒక ప్రతిజ్ఞ అయింది.

మనం ఈ రెండింటినీ వేర్వేరు అధ్యాయాల్లో చదువుతాం. ‘నాటకరంగ వికాసం’ ఒకటి, ‘సంఘసంస్కరణ’ ఒకటి. రెండు పేజీలనీ పక్కపక్కన పెట్టి చూస్తే, మగవాళ్లు డబ్బు తీసుకుని జనం ముందు పాడడం గౌరవప్రదమైన పని అయిన దశాబ్దాల్లోనే ఆడవాళ్లు డబ్బు తీసుకుని జనం ముందు పాడడం నేరానికి దగ్గరి పని అయిందని తెలుస్తుంది. ఒకటి రెండోదానికి కారణమని నేను అనను. కానీ చోటు ఖాళీ అయింది, ఆ చోటుకి కొత్త మనుషులొచ్చారు. పెళ్లిలో మేళం పెట్టించే ఆసామి మెల్లగా నాటకం పెట్టించడం నేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కళావంతుల వ్యవస్థని నేను పూలరంగులో చూపించబోవడం లేదు. ఊహ తెలియని పిల్లలకి గజ్జెపూజ చేసి ఒక ఆసామి పోషణలో పెట్టే పద్ధతిని ఏ పేరుతోనైనా కళ అనడం కష్టం. ఆ సమాజంలోంచే వచ్చిన యామినీ పూర్ణతిలకమ్మ లాంటివారు ఆ పద్ధతి మీద గట్టిగా పోరాడారు కూడా. నా అభ్యంతరం ఇంకోచోట ఉంది. సంస్కర్తలు ఆ ఆడవాళ్ల శరీరాల మీద జరుగుతున్న అన్యాయం గురించి మొదలుపెట్టి వాళ్ల పాట దగ్గర ఆగారు. పాట ఆపడం తేలిక, పాట వినే జమీందారుని ఆపడం కష్టం. పాట పోయాక వాళ్లకి మిగిలిందేమిటో ఆ సంస్కరణ లెక్క చూడలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ని పరిష్కరించి ప్రచురించినప్పుడు జరిగిన గొడవ ఈ పాఠకులకి కొత్త కాదు. ఆ కావ్యాన్నీ, రాసిన మనిషినీ ఈసడించిన పెద్దల్లో ముందున్నది వీరేశలింగమే. పుస్తకం మీద పడిన నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది, తొలగడానికి పూనుకున్నది ప్రకాశం. రాజమండ్రి రంగస్థలం మీద నుంచి వచ్చిన మనిషి. కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం ఇష్టమైన కాకతాళీయం.

పద్యనాటకం సంగీతంగా ఎలా పనిచేసిందో కొంచెం చెప్పాలి. దానికి ఆధారం హార్మనీ. వీణలా ఏళ్ల సాధన అక్కర్లేదు, చంకన పెట్టుకుని రైలెక్కొచ్చు, డేరా చివరి దాకా వినిపిస్తుంది. శాస్త్రీయ సంగీతం వాళ్లకి అదంటే చిన్నచూపు. ఆకాశవాణి 1940లో హార్మనీని నిషేధించి 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు. మన రంగస్థలానికి మాత్రం లివర్‌పూల్ పిల్లల చేతిలో చౌక గిటారు ఎంతో హార్మనీ అంత. మైకులు లేని రోజుల్లో నేలక్లాసు వాడికి మాట వినపడాలంటే పద్యాన్ని హెచ్చు శ్రుతిలో ఎత్తుకోవాలి. తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాల్లో రాయబారం పద్యాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్ర’లో కాటిసీను పద్యాలు పుస్తకంలో నాలుగు పాదాలే. రంగస్థలం మీద ఆ చివరి పాదానికి పట్టిన రాగం పద్యం కంటే పొడుగు. జనం ఎదురుచూసేది దానికోసమే. అది బాగుంటే వన్స్‌మోర్, చచ్చిపోయిన పాత్ర లేచి మళ్లీ పాడాల్సి వచ్చినా సరే. తర్వాతి కాలపు కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగేవారు. మొదటి కృష్ణుడు పడకసీనుకి, రెండో కృష్ణుడు రాయబారానికి. కథలో ఒకే మనిషి ఇన్ని మొహాలతో ఎలా వస్తాడని ఎవరూ అడగలేదు. వాళ్లు కథకి రాలేదు, గొంతుల పోటీకి వచ్చారు. ఈ ఒక్క సంగతి చాలు, ఇది నాటకం కంటే ఎక్కువగా సంగీతమని చెప్పడానికి.

ఆ హెచ్చు శ్రుతి గురించి నాకో ఆలోచన ఉంది. మగవాళ్లు గొంతు చించుకుని అందుకోవాలని చూసిన ఆ స్థాయి ఆడగొంతుకి దగ్గరి స్థాయి. మన పద్యానికి ఆదర్శమైన గొంతు మగవాడి దేహంలో ఉన్న ఆడ శ్రుతి. ఆడవేషాలు వేసినవాళ్ల విషయంలో ఇది ఇంకా స్పష్టం. స్థానం నరసింహారావు బాపట్లలో పుట్టి, సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా ఆంధ్రదేశమంతా తిరిగి, 1956లో పద్మశ్రీ పొందాడు. ఆయన కట్టు, ఆయన నడక చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారని చెబుతారు. ఆయన ప్రతిభని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన వేసిన పాత్రల పట్టిక చూడండి. చింతామణి, మధురవాణి, విప్రనారాయణలో దేవదేవి. ముగ్గురూ వేశ్యలు. ఆడ అభినయానికి పరాకాష్ఠ అని మనం ఒప్పుకున్న పాత్రలు, నిజజీవితంలో ఎవరి అభినయాన్ని సభ నుంచి తరిమేశామో ఆ మనుషులవి. సత్యభామ కూడా అంతకుముందే కలాపాల్లో, వాళ్ల ఇళ్లలో, ఆడవాళ్ల పాదాల మీద నడిచిన పాత్ర.

చింతామణి దగ్గర కాసేపు ఆగాలి. కాళ్లకూరి నారాయణరావు కాకినాడలో ఉంటూ 1920లలో వరుసగా నాటకాలు రాశాడు. ‘వరవిక్రయం’ వరకట్నం మీద, ‘మధుసేవ’ తాగుడు మీద, ‘చింతామణి’ వేశ్యాలోలత్వం మీద. లీలాశుకుడి కథ ఆధారంగా అల్లిన నాటకం. వేశ్య చింతామణి మారి భక్తురాలవుతుంది, ఆమె ఇంటికి వచ్చిన బిల్వమంగళుడు యోగి అవుతాడు. సంస్కరణ ఉద్యమపు బిడ్డ అన్నమాట. జనం మాత్రం చింతామణి మారడం చూడడానికి రాలేదు, మారకముందు రాత్రి చూడడానికి వచ్చారు. వేశ్య ఇంట్లో పాటలు, తల్లి శ్రీహరి మాటలు, సుబ్బిశెట్టి హాస్యం. ఊరి పెద్ద మేజువాణీ పెట్టించడం తప్పయ్యాక, మేజువాణీ చెడ్డదని చెప్పే నాటకం పెట్టించి ఆ రాత్రంతా మేజువాణీ చూడొచ్చు. వేశ్యావృత్తికి వ్యతిరేకంగా రాసిన నాటకం ఒక శతాబ్దం పాటు ఆ ఇంటి ముంగిట్లోనే డేరా వేసుకుని బతికింది.

మా అమ్మమ్మకి ఇవన్నీ వచ్చు. తునిలో వాళ్ల పుట్టింట్లో ఒక గ్రామఫోను పెట్టె ఉండేది. ముల్లు మార్చే పని మగపిల్లలది, ఆడపిల్లలు పెట్టె ముట్టుకోకూడదు, వినొచ్చు. వంటింట్లోంచి వినీ వినీ ఆవిడ రాయబారం పద్యాలన్నీ కంఠతా పట్టింది, రాగాలతో సహా. పప్పు రుబ్బుతూ కృష్ణుడి పద్యం ఎత్తుకుంటే పక్కింటివాళ్లు వచ్చి గుమ్మంలో కూర్చునేవారు. కృష్ణుడివి, అర్జునుడివి, హరిశ్చంద్రుడివి, అన్నీ మగవాళ్ల పద్యాలే. చింతామణి పాటలు కూడా ఆవిడకి తెలుసని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అవి మాటలతో పాడదు, గొంతులో గునుస్తుంది. ఎందుకమ్మమ్మా అంటే, “అవి సంసారులు పాడే పాటలు కావే” అంది. అక్షరం అసభ్యంగా లేని పాట అది, నేను అచ్చులో చూశాను. అదే పాటని మగవాడు చీర కట్టుకుని వేయిమంది ముందు పాడితే తాతగారు డబ్బిచ్చి వినొచ్చారు.

రికార్డుల సంగతీ ఇంతే. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ మన దేశంలో మొదటిసారి పాటలు పట్టినప్పుడు ఆ గరాటు ముందు నిలబడడానికి వచ్చినవాళ్లలో ముందున్నది గౌహర్‌జాన్ లాంటి వృత్తి గాయనులు. దక్షిణాదిన కూడా తొలి రికార్డుల్లో సేలం గోదావరి, ధనకోటి అక్కచెల్లెళ్లు, నాగరత్నమ్మ. మర్యాదస్తులైన విద్వాంసులు యంత్రానికి జంకుతున్న కాలంలో ఈ ఆడవాళ్లు మూడు నిమిషాల్లో రాగం, పాట, ముక్తాయింపు ఎలా సర్దాలో కనిపెట్టారు. ఇది చిన్న విషయం కాదు. తర్వాత వచ్చిన సినిమా పాట నిడివి ఆ మూడు నిమిషాలదే. 1920ల తర్వాత తెలుగు రికార్డుల బజారు నాటక పద్యాలతో నిండింది. కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు ఆయన ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్లకి కూడా చేరింది. పూర్తి నాటకాలు రికార్డుల సెట్లుగా వచ్చాయి. ఆ సెట్లలో ఆడ పాత్రలకి ఆడగొంతులు కావాల్సివచ్చింది. చెవికి చీర కనపడదు కదా.

అలా, ఇంకా కొన్ని దారుల్లో, ఆడవాళ్లు మళ్లీ వచ్చారు. సురభి వాళ్ల సంగతి వేరు, 1885 నుంచీ అది కుటుంబ సమాజం, ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో లీలావతిగా పాడిన కమలాబాయి ఆ ఇంటి మనిషే. దాసరి కోటిరత్నం సొంతంగా నాటక సమాజం నడిపి, 1935లో ‘సతీ సక్కుబాయి’ చిత్రనిర్మాణంలోకి దిగింది. తొలి తరం నటీగాయనుల్లో చాలామంది కళావంతుల ఇళ్ల నుంచి వచ్చారు. తరిమేసిన గుమ్మంలోంచే, టిక్కెట్టు రంగు మార్చుకుని, లోపలికి. ఈసారి వాళ్ల విద్యకి గురువు ఎవరో, ఆ సంగతులు ఎక్కడివో చెప్పుకునే వీలు లేదు. పేరు పక్కన ఇంటిపేరు దాచుకోవాలి, లేకపోతే కాంట్రాక్టరు అందుకే పిలిచానంటాడు. కాంట్రాక్టు నాటకంలో కృష్ణుడు ఎన్ని వన్స్‌మోర్‌లు కొట్టించుకుంటే అంత గొప్ప. చింతామణి వేసిన మనిషికి వన్స్‌మోర్ కొడితే ఆ కేక వెనక ఇంకో కేక ఉంటుంది. తెల్లారి రైలు స్టేషన్లో కృష్ణుడు వేసినాయనకి దండం పెట్టినవాళ్లు చింతామణి వేసినావిడ వైపు ఎలా చూసేవారో మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. నాకు ఆ నవ్వు రాదు.

కాకినాడలో ఈ సంగీతానికి కేవర్న్ క్లబ్బు లాంటిది ఒకటుంది. యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్. పేరులోనే తేలిపోయింది, ఎవరి క్లబ్బో, ఎవరి ఆనందమో. ఎస్.వి. రంగారావు, రేలంగి అందులో వేషాలు వేశారు. పి. ఆదినారాయణరావు అక్కడ సంగీతం చేశాడు. పెద్దాపురంలో పుట్టిన అంజలీదేవి చిన్నతనంలోనే ఆ వేదిక ఎక్కింది. ఆదినారాయణరావుని పెళ్లాడింది. కాకినాడవాడే అయిన సి. పుల్లయ్య 1947లో ‘గొల్లభామ’లో ఆమెకి పెద్ద వేషం ఇచ్చాడు. తర్వాత ఆ దంపతులు మద్రాసులో అంజలి పిక్చర్స్ పెట్టారు. జగ్గంపేట నుంచి ఎస్. వరలక్ష్మి వెళ్లింది, నటిస్తూ తన పాట తనే పాడుకున్న తరంలో మనిషి. 1964 నాటికి లివర్‌పూల్ బృందాలు లండన్ రైలెక్కినట్టే, 1930ల నుంచీ మన గొంతులు కలకత్తా మెయిలు, మద్రాసు మెయిలు ఎక్కేశాయి. ఊళ్లలో మిగిలింది కాంట్రాక్టు నాటకం.

మద్రాసులో ఇంకొకటి జరిగింది. ప్లేబాక్ వచ్చింది. గొంతుని మనిషి నుంచి విడదీయొచ్చని తెలిసింది. అప్పటిదాకా పాడే ఆడమనిషి అంటే కనిపించే ఆడమనిషే, కనిపించడమే తప్పు. ఇప్పుడు ఒకరు కనిపిస్తారు, ఒకరు పాడతారు. తెరవెనక పాడడం మర్యాదకి భంగం కాదు. రావు బాలసరస్వతి, జిక్కి, లీల, ఆ వెనక విజయనగరం నుంచి సుశీల, ఇలా ఒక గొప్ప తరం వచ్చింది. మన ఇళ్లలో ఆడపిల్లలు పాట నేర్చుకుని పాడడం ఒక యోగ్యత అయింది ఈ తరం వల్లే. ఆ మేలు నేనూ పొందాను. కానీ ఆ ఏర్పాటుకి ఖరీదు ఉంది. దేహంతో పాడిన ఆడవాళ్లు, గొంతుకీ చేతికీ కంటికీ మధ్య తెర లేకుండా పదం పట్టినవాళ్లు, దాంతో పూర్తిగా పాతకాలం మనుషులైపోయారు.

ఆ పాతకాలానికి చట్టం కూడా ముద్ర వేసింది. 1947 చివర్లో మద్రాసు దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. ఆంధ్రలో 1956 సవరణ ఇంకా ముందుకెళ్లి పెళ్లిళ్లలో, ఇళ్లలో జరిగే శుభకార్యాల్లో మేళాలు పెట్టడాన్ని కూడా నిషేధించింది. స్థానం నరసింహారావుకి పద్మశ్రీ వచ్చిన సంవత్సరం కూడా 1956. ఈ రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టి చూడమని మాత్రం అడుగుతాను. తర్వాత నటరాజ రామకృష్ణ ‘ఆంధ్రనాట్యం’ పేరుతో, స్వప్నసుందరి ‘విలాసినీ నాట్యం’ పేరుతో ఆ ఆడవాళ్ల దగ్గర నేర్చుకుని వేదికల మీదికి తెచ్చారు. దవేశ్ సోనేజీ గోదావరి జిల్లాల్లో ముసలివాళ్లయిన కళావంతుల స్త్రీల ఇళ్లకి వెళ్లి, తలుపులు వేసుకుని వాళ్లు పాడుకునే పదాలు విని, 2012లో పుస్తకం రాశాడు. తలుపులు వేసుకుని పాడుకోవడం అన్న ఒక్క వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా అమ్మమ్మ గొంతులో గునిసినట్టు. ఇద్దరి మధ్యా కులం గోడ ఉంది, ఎన్నడూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కి ఉండరు. పాట మాత్రం ఇద్దరి గొంతులోనూ ఒకేచోట నొక్కుకుపోయింది.

తలుపులు తీసిన సందర్భాలు లేవని కాదు. 1940లలో ప్రజానాట్యమండలి ఆడవాళ్లు పల్లెల్లో వేదికలెక్కి పాడారు, నాటకాలాడారు. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’లో ఆ రోజుల మాటలున్నాయి. అక్కడ పాడే ఆడమనిషికి ఉద్యమం ఒక కొత్త పేరు ఇచ్చింది, కామ్రేడ్. ఆ పేరు ఉన్నంతకాలం ఆమెని ఎవరూ ఇంకో పేరుతో పిలవలేకపోయారు. ఉద్యమం చెదిరాక ఆ రక్షణ ఎంతమందికి నిలిచిందో కోటేశ్వరమ్మ జీవితం చదివినవాళ్లకి తెలుసు. అది వేరే వ్యాసం.

చింతామణి కథ 2022లో మళ్లీ పత్రికలకెక్కింది. ఆ జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శనని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాల వారు చాలాకాలంగా అడుగుతున్నారు. వాళ్ల బాధలో నిజం ఉంది. పుస్తకంలో లేని బూతులు ఏళ్లతరబడి ఆ పాత్ర నోట్లో చేరాయి. నిషేధాన్ని సవాలు చేస్తూ కొందరు హైకోర్టుకి వెళ్లారు. కళాకారుల ఉపాధి గురించి, భావప్రకటన గురించి, కాళ్లకూరి ఆశయం గురించి నెలల తరబడి రాశారు. నేను వీలైనన్ని కోసి దాచుకున్నాను. వందేళ్ల ఆ చర్చలో కించపడినవాళ్లు శెట్టిగారు, బిల్వమంగళుడు బ్రాహ్మణుడు కాబట్టి అప్పుడప్పుడూ బ్రాహ్మలు, అవమానపడినది కవి. నా దగ్గరున్న కాగితాల్లో చింతామణిని కన్న ఇళ్ల ఆడవాళ్లకి ఈ నాటకం వల్ల ఏమైందని అడిగినది ఒక్కటీ లేదు. రాత్రికి డబ్బు మాట్లాడుకుని ఆ వేషం వేసి, తెల్లారి తుని స్టేషన్లో పెట్టె మీద కూర్చుని రైలు కోసం చూసిన మనుషులు నాటకం ఆగినప్పుడు జీవనోపాధి లెక్కలో ఒక అంకెగా వచ్చారు.

మా అమ్మమ్మకి ఆ వార్త చదివి వినిపించాను. నిషేధించారా అంది. కాసేపటికి, అయితే ఆ పాటలు ఇంక ఎవరూ పాడరా అని అడిగింది.